భయం ఎవరికి ఉండాలి?

మా ఇంటికి దగ్గర్లోని రైతుబజారు గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉంది. పొద్దున్నే ఎవరో వచ్చి ఆనాటి కూరగాయల ధరలు దాని మీద సుద్దముక్కతో రాసి పోతారు. టోకు ధరకు కాస్త పైన, బయట చిల్లరగా అమ్మే ధరకు కాస్త కింద ఉండేలా ఆ అంకెలు నిర్ణయిస్తారు. గత ఆదివారం బోర్డు మీద టమాటా కిలో 32 రూపాయలు అని ఉంది. లోపల మూడో వరసలో కూర్చున్న ఒకావిడ దగ్గర రెండు కుప్పలున్నాయి. ముందు కుప్పలో చిన్నవీ, పగుళ్లు పడ్డవీ, తొడిమ దగ్గర ఇంకా పచ్చగా ఉన్నవీ ఉన్నాయి. వెనక, గోనెపట్టా సగం కప్పిన కుప్పలో గట్టివీ ఎర్రనివీ ఉన్నాయి. అవి కిలో 45. "బోర్డు మీద 32 అని రాశారు కదమ్మా" అన్నాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా ముందు కుప్ప వైపు చెయ్యి చూపించి, "బోర్డు మీద రాసినయి ఇవ్వే సార్, ఏరుకోండ్రి" అంది.

నాతో వచ్చిన పొరుగింటి పెద్దాయనకు ఒళ్లు మండింది. ఆయన 1973లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుగా ఎదిగి రిటైరైన మనిషి. కూరగాయల బేరంలో ఆయనను మించినవారు మా వీధిలో లేరు. తిరిగి వస్తూ దారి పొడవునా ఆయనది ఒకటే మాట. "ఎమర్జెన్సీలో ఇట్లా చెయ్యమను చూద్దాం. ప్రతి కొట్టు ముందూ ధరల పట్టిక వేలాడేది. పావలా ఎక్కువ తీసుకుంటే లోపల వేసేవాళ్లు. ధరలు దిగాలంటే భయం ఉండాలోయ్. ఈ ఓట్ల రాజ్యంలో ఎవడికి ఎవడంటే భయం?"

ఈ మాట ఆయన ఒక్కరిదే అయితే విని ఊరుకునేవాణ్ని. టమాటా వంద దాటిన ప్రతిసారీ, వంటనూనె డబ్బా ధర మారిన ప్రతిసారీ ఇదే మాట ఏదో ఒక రూపంలో మా వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంది. మనలాంటి దేశాలకు ప్రజాస్వామ్యం ఖర్చెక్కువ సరుకు అనీ, ఓట్ల కోసం డబ్బు వెదజల్లే ప్రభుత్వాలు ధరలను అదుపు చేయలేవనీ, గట్టిగా ఒక్కరే పట్టుకుంటే తప్ప పని జరగదనీ చదువుకున్నవాళ్లు కూడా నమ్మకంగా చెబుతారు. వారం రోజులుగా ఈ మాట నా బుర్రలో తిరుగుతోంది. ధరలకు మందు భయమే అన్నంత వరకు పెద్దాయనతో నాకు పేచీ లేదని తేలింది. ఆ భయం ఎవరికి ఉండాలన్న దగ్గరే మా దారులు వేరవుతున్నాయి.

ఎమర్జెన్సీ లెక్క

ముందు తేదీలు చూసుకోవాలి. 1971 యుద్ధం ఖర్చు, 1972 కరువు, 1973 చివర్లో ముడిచమురు ధర దాదాపు నాలుగింతలు కావడం, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడి దేశంలో ధరలు మండిపోయాయి. 1973లో గోధుమల టోకు వ్యాపారాన్ని ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంటే సరుకు మార్కెట్టుకు రావడం తగ్గిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆ ప్రయోగాన్ని వదులుకోవలసి వచ్చింది. 1974 సెప్టెంబరు నాటికి టోకు ధరల పెరుగుదల 30 శాతం దాటింది. అక్కడి నుంచి దిగడం మొదలైంది. ఎమర్జెన్సీ విధించింది 1975 జూన్ 25 రాత్రి. అంటే జ్వరం దిగడం మొదలైన తొమ్మిది నెలలకు వైద్యుడు గుమ్మంలో అడుగు పెట్టాడన్నమాట.

జ్వరం దించిన మందు 1974 జూలైలోనే పడింది. ఉద్యోగుల జీతాల్లో కొత్తగా పెరిగిన మొత్తాన్నీ, పెరిగిన కరువు భత్యంలో సగాన్నీ చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్టుగా ఆపివేశారు. కంపెనీలు వాటాదారులకు పంచే డివిడెండ్లకు పరిమితి పెట్టారు. రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే బ్యాంకు రేటును, 7 నుంచి 9 శాతానికి పెంచింది. ఇవన్నీ జనం చేతిలో ఆడే డబ్బును తగ్గించే పనులు. ఆ పైన 1975లో వానలు దండిగా కురిసి, అంతకుముందు ఏడాది 10 కోట్ల టన్నుల లోపే ఉన్న ఆహారధాన్యాల దిగుబడి 12.1 కోట్ల టన్నులకు చేరింది. 1975-76లో టోకు ధరల సూచీ పెరగడం మాట అటుంచి, ఒక శాతం మేర తగ్గింది. పెద్దాయన తరానికి గుర్తుండిపోయింది ఆ ఏడాదే. కొట్టు ముందు వేలాడిన పట్టిక కళ్లకు కనిపించింది. ఆపివేసిన భత్యమూ, పెరిగిన వడ్డీ, కురిసిన వానా ధరల పట్టికలా ఎక్కడా వేలాడలేదు. ఎమర్జెన్సీ ఇంకా నడుస్తుండగానే, పట్టికలు ఇంకా వేలాడుతుండగానే, 1976లో ధరలు మళ్లీ పైకి కదిలాయన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

అయితే ఆయన మాటలో నిజం బొత్తిగా లేదని తోసిపుచ్చలేను. 1974 నాటి చర్యలు ఆర్డినెన్సులుగా వచ్చాయి, పార్లమెంటులో చర్చించి తెచ్చినవి కావు. అంతకు రెండు నెలల ముందే, మే నెలలో, రైల్వే కార్మికుల సమ్మెను వేలాది అరెస్టులతో అణచివేశారు. కాగితం మీద ప్రజాస్వామ్యమే అయినా చేతిలో కర్ర ఉంది. ఉద్యోగి జీతాన్ని అతణ్ని అడగకుండా ఆపగలగడం ఆ కర్ర వల్లనే సాధ్యమైందని ఎవరైనా వాదిస్తే నేను గట్టిగా కాదనలేను. కానీ ఆ వెంటనే ఇంకో లెక్క ఉంది. ఎమర్జెన్సీ పోయి, పత్రికలకు నోరు వచ్చి, పార్టీలన్నీ కలిసిన కిచిడీ ప్రభుత్వం ఢిల్లీలో రోజూ కొట్లాడుకుంటున్న 1978-79లో టోకు ధరల పెరుగుదల దాదాపు సున్నా. ఆ మరుసటి ఏడాది కరువూ చమురూ మళ్లీ కలిసి వచ్చి 17 శాతానికి ఎగదోశాయి. ఈ ఎగుడుదిగుళ్లను పాలన పద్ధతికి ముడిపెట్టి చూసేవారు ముందు వానకూ, చమురుకూ, నోట్ల రాశికీ లెక్క కట్టాలి.

కొరడా పట్టినవారి కథ

మన కథ ఒక్కటే చాలదు కాబట్టి బయటికి చూద్దాం. బ్రెజిల్లో 1964లో సైన్యం గద్దెనెక్కేనాటికి ద్రవ్యోల్బణం 90 శాతం దగ్గర ఉంది. దాన్ని అణచడానికే వచ్చామని సైనికాధికారులు చెప్పుకున్నారు. కార్మిక సంఘాల నోరు నొక్కి, జీతాలు తొక్కిపట్టి, కొన్నాళ్లు 20 శాతం దరిదాపులకు దించారు కూడా. 21 ఏళ్ల తర్వాత, 1985లో వాళ్లు బ్యారక్కులకు తిరిగి వెళ్లేనాటికి అది 200 శాతం దాటి ఉంది. వచ్చినప్పటికంటే రెట్టింపుకు పైగా.

తర్వాత వచ్చిన పౌర ప్రభుత్వాలు ఏమీ వెలగబెట్టలేదు సరికదా, ఓట్ల రాజ్యం మీద పెద్దాయన మోపే నేరాలన్నిటికీ అక్కడ సాక్ష్యం దొరుకుతుంది. 1986 ఫిబ్రవరిలో ధరలన్నీ ఎక్కడివక్కడ స్తంభింపజేశారు. జనం ధరల పట్టికలు చేత పట్టుకుని కొట్ల మీద నిఘా వేశారు. నాలుగు నెలలు దేశమంతా పండగే. ఆ తర్వాత మాంసం కనిపించడం మానేసింది. ఆ ధరకు అమ్మడం ఇష్టంలేని ఆసాములు పశువులను మేత భూముల్లోనే ఉంచేసుకుంటే, ప్రభుత్వం పోలీసులను పంపి పశువులను పట్టుకురావలసి వచ్చింది. మా రైతుబజారులో గోనెపట్టా కింద ఉన్న టమాటాలకూ ఆ పశువులకూ నాకేమీ తేడా కనిపించదు. నవంబరు 15న ఎన్నికలు జరిగే దాకా ఆ పథకాన్ని పట్టుకుని వేలాడి, పాలక పక్షం ఒకటి తప్ప అన్ని రాష్ట్రాల గవర్నరు పదవులూ గెలుచుకున్నాక, వారం తిరగకముందే ధరల మీద పట్టు వదిలేశారు. 1990లో వచ్చిన మరో అధ్యక్షుడు జనం బ్యాంకు ఖాతాల్లోని డబ్బునే బిగించేశాడు, అదీ పనిచేయలేదు. 1993లో ద్రవ్యోల్బణం 2,400 శాతం దాటింది.

చివరికి పనిచేసింది 1994 నాటి రెయాల్ పథకం. అప్పటి ఆర్థిక మంత్రి ఫెర్నాండో హెన్రిక్ కార్డోజో బృందం చేసిన పనిలో నన్ను ఆకట్టుకున్నది దాని ఆర్థిక చాతుర్యం కంటే అది నడిచిన తీరు. అర్ధరాత్రి ప్రకటన ఏదీ లేదు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వస్తుందో ముందే చెప్పారు. పార్లమెంటు చేత బడ్జెట్టు మార్పులు ఒప్పించుకున్నారు. మార్చిలో ఒక లెక్కల కొలమానాన్ని వాడుకలోకి తెచ్చి, జనం దానికి అలవాటు పడ్డాక జూలై 1న దాన్నే రెయాల్ అనే కొత్త నోటుగా మార్చారు. కొట్టువాడి మీద నిఘా పెట్టలేదు, డబ్బు స్తంభింపజేయలేదు. జూన్‌లో నెలకు 40 శాతానికి మించి పెరుగుతున్న ధరలు కొద్ది నెలల్లోనే రెండు మూడు శాతానికి వచ్చాయి. అక్టోబరులో ఆయన అధ్యక్షుడిగా గెలిచారు. ఓట్ల కోసమే చేశారంటే అనుకోనివ్వండి. ఆ రకం ఓట్ల యావ మనకూ కాస్త ఉంటే బాగుండు.

చిలీ కథ ఇంకా తిరకాసు. సైనిక నియంత పినోచే కొరడా గురించి వినని వారు లేరు, ఆయన ఆర్థిక సంస్కరణలను మెచ్చుకునేవారూ కొదవలేదు. 1973లో 500 శాతం పైన ఉన్న ద్రవ్యోల్బణాన్ని దించిన మాట నిజమే కానీ, ఏడేళ్ల నియంతృత్వం తర్వాత, 1980లో కూడా అది 30 శాతం పైనే ఉంది. ఎన్నికైన ప్రభుత్వం చేతికి వచ్చిన 1990 చివరికి 27 శాతం. అక్కడి నుంచి ఏటా కొంచెం కొంచెంగా, ఎవరినీ జైల్లో పెట్టకుండా, ఆ దశాబ్దం చివరికి మూడు శాతం దగ్గరికి దించింది ఎన్నికైన ప్రభుత్వాలూ, అప్పుడే స్వతంత్రత పొందిన కేంద్ర బ్యాంకూ. ఆ స్వతంత్రతనిచ్చిన చట్టం దిగిపోతున్న నియంతృత్వం 1989లో రాసి పెట్టి పోయినదే. తాను కూర్చున్నన్నాళ్లూ భరించని పగ్గాన్ని తర్వాత వచ్చేవాళ్ల మెడకు తగిలించి వెళ్లారు. మంచి జరిగింది, కానీ ఆ మనసు గమనించదగ్గది.

ఇక కళ్లముందే జరిగినవి రెండు. టర్కీలో 2018లో అధికారాలన్నీ అధ్యక్షుడు ఎర్డొగాన్ చేతిలోకి వచ్చాక, 2019 జూలై నుంచి 2021 మార్చి లోపు ముగ్గురు కేంద్ర బ్యాంకు గవర్నర్లను ఇంటికి పంపారు. మూడో ఆయన వడ్డీ రేటును 19 శాతానికి పెంచిన రెండు రోజులకే. వడ్డీ పెంచితేనే ధరలు పెరుగుతాయన్నది ఎర్డొగాన్ నమ్మకం. ఆ నమ్మకం ప్రకారం రేటు తగ్గించుకుంటూ పోతే 2022 అక్టోబరు నాటికి ద్రవ్యోల్బణం 85 శాతానికి చేరింది. చివరికి 2024 మార్చిలో ఆ రేటునే 50 శాతానికి పెంచుకోవలసి వచ్చింది. శ్రీలంకలో గొటబాయ రాజపక్స ప్రభుత్వం 2019 చివర్లో విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి కోసింది. 2020 అక్టోబరులో రాజ్యాంగాన్ని సవరించి అధ్యక్షుడి చేతికి అధికారాలు తెచ్చుకుంది. 2021లో రసాయన ఎరువులను ఒక్క కలం పోటుతో నిషేధించింది. కాదనేవాడు లేడు. ఖజానా ఖాళీ అవుతుంటే నోట్ల ముద్రణ సాగింది. 2022 సెప్టెంబరులో కొలంబో ధరల పెరుగుదల దాదాపు 70 శాతానికి చేరింది. ఆ ఏప్రిల్‌లో కుర్చీ ఎక్కిన కొత్త గవర్నరు నందలాల్ వీరసింఘే వచ్చిన రోజుల్లోనే వడ్డీ రేట్లను ఒకేసారి ఏడు శాతం పాయింట్లు పెంచారు. అధ్యక్షుడు జూలైలో దేశం విడిచి పారిపోయాడు, గవర్నరు మాత్రం కుర్చీలోనే ఉన్నాడు. ఏడాది తర్వాత, 2023 సెప్టెంబరులో, ద్రవ్యోల్బణం ఒకటిన్నర శాతం లోపు.

చైనా మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 1994లో అక్కడ ధరలు 24 శాతం పెరిగాయి. ఉప ప్రధాని ఝూ రోంగ్జీ స్వయంగా కేంద్ర బ్యాంకు గవర్నరు కుర్చీలో కూర్చుని, బ్యాంకుల అప్పులు బిగించి, 1997 నాటికి మూడు శాతం లోపుకు దించాడు. ఎన్నికలు లేని చోట ఇది ఎలా జరిగింది? అక్కడి పాలకులకూ భయం ఉంది కాబట్టి. తమకు ముందున్న జాతీయవాద ప్రభుత్వం కూలడంలో నోట్ల కట్టలు విలువ కోల్పోవడానికి ఎంత పాత్ర ఉందో వాళ్లకు తెలుసు. 1988లో ధరలు ఎగబాకితే 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో, వీధుల్లో ఏం జరిగిందో కూడా తెలుసు. నా వాదానికి ఇది చిక్కే. ఓటు లేకుండా కూడా భయం పుట్టవచ్చని ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఆ భయం ఒక పాలకుడి జ్ఞాపకం మీదా, తెలివి మీదా ఆధారపడినది. తర్వాతి వాడికి అది ఉంటుందన్న హామీ ఎక్కడా రాసి ఉండదు.

ఉల్లిపాయ

మన దగ్గర భయానికి లోటు లేదు, అది ఉల్లిపాయ రూపంలో ఉంటుంది. 1980 ఎన్నికల్లో ఇందిరా గాంధీ ఉల్లి ధరను ప్రచారాస్త్రంగా వాడుకున్నారు. 1998 నవంబరులో ఢిల్లీ ప్రభుత్వం ఉల్లి ధర దెబ్బకే ఓడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పాఠం ఏ పార్టీ మరిచిపోలేదు. ధరలు పెరిగితే దిగిపోతామన్న భయం మన పాలకులకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. మన దేశంలో స్వాతంత్య్రం తర్వాత ఏనాడూ లాటిన్ అమెరికా తరహా ద్రవ్యోల్బణం రాకపోవడానికి ఇదొక బలమైన కారణమని నా నమ్మకం. కూడబెట్టిన డబ్బు డాలర్లలోకి మార్చుకునే వెసులుబాటు లేని కోట్ల మంది పేదలు ఓటేసే దేశంలో, ఏటా 200 శాతం ధరలు పెంచి ఏ ప్రభుత్వమూ బతికి బట్టకట్టలేదు.

కానీ ఓటు భయానికి దూరపు చూపు ఉండదు. కనిపించే ధరను, కనిపించే చోట, పోలింగు లోపు దించడమే దాని పని. 2021 నవంబరు నుంచి 2022 మార్చి మూడో వారం దాకా, రోజూ మారవలసిన పెట్రోలు ధర ఒక్క పైసా కదలలేదు. ఉత్తరప్రదేశ్ ఫలితాలు వచ్చిన పన్నెండు రోజులకు కదలడం మొదలుపెట్టింది. 2023 జూలైలో మదనపల్లె టమాటా మన దగ్గర నూట యాభై దాటిన రోజుల్లోనే కేంద్రం ఆ మార్కెట్లోనే కొని లారీలకెత్తి ఢిల్లీలో కిలో 90కి అమ్మించింది. అదే నెల 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధిస్తే అమెరికాలోని మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం క్యూలు కట్టిన వీడియోలు చూసి నవ్వుకున్నాం. నవ్వని వారు వేరే ఉన్నారు. ధర పెరిగినప్పుడు ఎగుమతి ఆపే ప్రభుత్వం, అదే మదనపల్లెలో, పత్తికొండలో కిలో రెండు రూపాయలకు పడిపోయి టమాటాలు రోడ్డు పక్కన పారబోసినప్పుడు ఏ లారీనీ పంపదు. 2023 డిసెంబరు 8న ఆపిన ఉల్లి ఎగుమతిని 2024 మే 4న వదిలారు. మహారాష్ట్రలోని నాసిక్ ఉల్లి ప్రాంతంలో పోలింగు ఆ నెల 20న. కొనేవాడి భయం, పండించేవాడి భయం వంతులవారీగా పనిచేస్తాయి. ఎక్కువసార్లు కొనేవాడిదే పైచేయి.

ఇక్కడ నాకు నేనే అడ్డు తగులుతున్నాను. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు కూడా ఇవే విమర్శలు వచ్చాయి: ఓట్ల కోసం ఖజానా ఖాళీ చేస్తున్నారని. మా నాయనమ్మ ఊళ్లో కూలికి వెళ్లే కుటుంబాలు రాత్రి పూట గటక మాని అన్నం వండుకోవడం ఆ బియ్యంతోనే మొదలైంది. రాష్ట్రాలు నోట్లు ముద్రించలేవు. ఆ రాయితీకి డబ్బు ఏదో ఒక పన్నులోంచో, మద్యం మీది రాబడిలోంచో రావలసిందే. కాబట్టి అది ధరల మంటను ఆర్పకపోయినా, పేదవాడికి సెగ తగలకుండా అడ్డంగా నిలబెట్టిన తడిక. ఓటు భయం కట్టించిన ఆ తడికను, ఎన్నికల ముందు పెట్రోలు ధర బిగించడంతో ఒకే గాట కట్టేయడానికి నాకు మనసొప్పదు.

అడగనక్కరలేని అప్పు

ఓటు భయానికి లేని దూరపు చూపు ఇంకెక్కడి నుంచైనా రావాలి. ఆ సంగతి నాకు అర్థమైంది ఒక పాత లావాదేవీ గురించి చదివినప్పుడు. 1955 నుంచి మన కేంద్ర ప్రభుత్వానికీ రిజర్వు బ్యాంకుకూ మధ్య ఒక ఏర్పాటు ఉండేది. ప్రభుత్వ ఖాతాలో నిల్వ ఒక స్థాయి కిందికి పడిందంటే చాలు, దానంతట అదే ఒక ట్రెజరీ బిల్లు, అంటే ప్రభుత్వ అప్పుపత్రం, పుట్టి, దాని మీద రిజర్వు బ్యాంకు కొత్త డబ్బు సృష్టించి ఖాతాలో వేసేది. ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు, కాదనే అవకాశమూ లేదు. తాత్కాలికమనుకుని మొదలుపెట్టినది నలభై ఏళ్లు నడిచింది. ఇంటి ఖర్చుకు చాలకపోతే గల్లాపెట్టె తాళం మన దగ్గరే ఉన్నట్టు. 1970, 80 దశకాల్లో ధరలు ఏటా సగటున ఎనిమిది తొమ్మిది శాతం పెరగడంలో ఆ తాళం పాత్ర చిన్నది కాదు.

దాన్ని వదులుకున్నది ఎవరో చూడండి. 1994 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది పి.వి. నరసింహారావు ప్రభుత్వంలో, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి, సి. రంగరాజన్ గవర్నరు. పూర్తిగా ముగిసింది 1997 మార్చి 31న, పదమూడు పార్టీల దయతో నడుస్తున్న ఐక్య సంఘటన ప్రభుత్వంలో. ఒకటి మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వం, ఇంకొకటి ఎప్పుడు కూలుతుందో తెలియని ప్రభుత్వం. లోక్‌సభలో తిరుగులేని మెజారిటీలు ఉన్న ప్రధానులు ముట్టుకోని తాళాన్ని ఈ బలహీనులు తీసి అవతలి వాడి చేతిలో పెట్టారు. 'బలమైన నాయకుడు ఉంటేనే కఠిన నిర్ణయాలు' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ 1997 మార్చి గుర్తొస్తుంది. రేపు తాము ఉండమని తెలిసినవారికి, తర్వాత వచ్చేవాడి చేతులు కట్టాలన్న ఆలోచన తేలిగ్గా వస్తుందేమో.

ఆ తర్వాతి పదిహేనేళ్లలో రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో ఇద్దరు తెలుగువారు కూర్చున్నారు: కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి. రెడ్డి, ఏలూరుకు చెందిన దువ్వూరి సుబ్బారావు. 2010 మార్చి, 2011 అక్టోబరు మధ్య సుబ్బారావు పదమూడుసార్లు రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వడ్డీ, పెంచారు. వృద్ధి దెబ్బతింటోందని ఢిల్లీకి కోపం. ఒంటరిగా నడవాల్సి వస్తే ఒంటరిగానే నడుస్తామని ఆర్థిక మంత్రి చిదంబరం బహిరంగంగానే అన్నారు. పదవి దిగిపోయే ముందు ఉపన్యాసంలో సుబ్బారావు ఆ మాటకు జవాబిస్తూ, రిజర్వు బ్యాంకుతో విసిగి ఒంటరిగా నడకకు వెళ్లాలనిపించినా, దేవుడి దయవల్ల అది ఉంది కదా అని ఏదో ఒకనాడు ఆర్థిక మంత్రి అనుకుంటారని ఆశిస్తున్నానన్నారు. ఇద్దరిలో ఎవరి ఆర్థిక లెక్క సరైనదన్నది నేను తేల్చలేను. మంత్రి కోపం పేపర్లలో అచ్చయింది, గవర్నరు ఐదేళ్లూ కూర్చున్నారు, వెళ్లేటప్పుడు చమత్కరించగలిగారు. టర్కీలో ఆ చమత్కారానికి చోటుండేది కాదు.

చట్టం రాసినంత మాత్రాన ఈ చోటు రాదు. 1992లో అలెక్స్ కుకీర్మన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు దేశదేశాల కేంద్ర బ్యాంకు చట్టాలను తూచి చూసి, సంపన్న దేశాల్లో చట్టంలోని స్వతంత్రతకూ తక్కువ ద్రవ్యోల్బణానికీ పొత్తు కనిపిస్తోంది గానీ, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో కనిపించడం లేదన్నారు. అక్కడ చూడాల్సినది గవర్నర్లు ఎంత తరచుగా మారుతున్నారన్నది. మన ఊళ్లో ఏ కార్యాలయం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి నిబంధనల పుస్తకం కంటే బదిలీల జాబితా ఎక్కువ ఉపయోగపడుతుందని తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

నన్ను వదలని సందేహాలు

ఈ వాదంలో నాకు మింగుడు పడనివి ఉన్నాయి. మొదటిది, మన ధరల సూచీలో మొన్నటి దాకా దాదాపు సగం తిండే ఉండేది. 2012 ఆధార సంవత్సరపు చిల్లర ధరల సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం. రెపో రేటు పెంచితే టమాటా తోటకు వాన రాదు, తెగులు పోదు. 2023 జూలైలో 7.44 శాతానికి ఎగిరిన ద్రవ్యోల్బణం 2025 అక్టోబరులో 0.25 శాతానికి పడిపోయిందంటే ఆ రెండు అంకెల్లోనూ కూరగాయల చేయి పెద్దది. అలాంటప్పుడు కుర్చీలోని మనిషికి ఇంత ఘనత కట్టబెట్టడం న్యాయమా? నాకు తోచిన సమాధానం అర్ధసమాధానమే: టమాటా ధర ఎగిరి దిగుతుంది, అది దిగాక కూడా ఇంటద్దె, స్కూలు ఫీజు, ఆటో చార్జీ ఎక్కడిదాకా ఎక్కి కూర్చున్నాయన్నదే నోట్ల రాశి చెప్పే కథ.

రెండోది ఇంకా కష్టమైనది. ఆ కుర్చీని ఎవరూ ఎన్నుకోలేదు. 2022 మే, 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు, అంతకు ఏడాది ముందే నిజాంపేటలో ఫ్లాటు కొన్న మా పెదనాన్న కొడుకుకు బ్యాంకు నెలవాయిదా కొంత, గడువు కొంత పెంచింది. రిటైరయ్యేలోపు తీరుతుందనుకున్న అప్పు ఆ తర్వాతకు జరిగింది. "నన్ను ఎవరు అడిగారు అన్నయ్యా?" అన్నాడు. 1974లో భత్యం ఆపినప్పుడు గుమాస్తాలు అడిగిన ప్రశ్న కూడా ఇదే అయి ఉంటుంది. తేడా ఉందని నేను నమ్ముతాను. ఇప్పుడు 2016 నాటి చట్టం ఉంది. లక్ష్యం 4 శాతమనీ, రెండు శాతం అటూ ఇటూ చెల్లుతుందనీ ఆ చట్టం కింద ప్రభుత్వం, రిజర్వు బ్యాంకుతో సంప్రదించి, బహిరంగంగా ప్రకటించింది. రేటు మీద ఆరుగురు కూర్చుని ఓటు వేస్తారు, ఎవరు ఎటు వేశారో, ఎందుకు వేశారో బయటికి వస్తుంది.

అలా అంటాను గానీ, ఆ చట్టమే వరసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటితే రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ రాయాలంది. 2022లో దాటింది, నవంబరులో రాసింది. ఆ ఉత్తరాన్ని ఇద్దరూ బయటపెట్టలేదు. సైఫాబాదులో రిజర్వు బ్యాంకు కార్యాలయం, సచివాలయం ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఉంటాయి. ఆ సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఆ ఉత్తరం గుర్తొస్తుంది. మా తమ్ముడి అప్పు గడువు ఎందుకు పెరిగిందో అందులో రాసి ఉంటుంది. అది అతనికి చూపించని వ్యవస్థ తనను నమ్మమని అతణ్ని ఎలా అడుగుతుంది?

అర్జెంటీనాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2007లో ధరల లెక్కలు కట్టే ప్రభుత్వ గణాంక సంస్థలోని అధికారిని తప్పించి, తమకు నచ్చిన అంకెలు ప్రకటించడం మొదలుపెట్టారు, ఎన్నికైన ప్రభుత్వమే. చివరికి 2013లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశాన్ని అధికారికంగా మందలించింది. అంకెను పట్టుకుంటే పాలకుడి భయం పోతుంది, ధర మాత్రం పోదు.

మొన్న సాయంత్రం ఇవన్నీ, ఇంతకంటే గజిబిజిగానే, పెద్దాయన దగ్గర ఏకరువు పెట్టాను. బ్రెజిల్, టర్కీ దగ్గర ఆయన చూపు టీవీ మీదికి పోయింది. నిర్బంధ డిపాజిట్టు మాట వచ్చినప్పుడు మాత్రం ఇటు తిరిగారు. "అవునోయ్, ఆపారు. సగం డీఏ. మా యూనియన్ వాళ్లు గేటు దగ్గర నినాదాలిచ్చారు, ఎమర్జెన్సీ వచ్చాక అదీ లేదు. తర్వాత ఏడాదికి ఇంత అని వాయిదాల్లో వెనక్కిచ్చారు" అన్నారు. కాసేపు ఊరుకుని, లోపలికి చూస్తూ, "ఏమేవ్, ఆ కుట్టుమిషను మనం ఏ డబ్బుతో కొన్నాం?" అని కేకేశారు. వంటింట్లోంచి పిన్నిగారి గొంతు వినిపించింది: "మీ జీతంలో కోసుకున్న డబ్బు తిరిగొస్తే కొన్నాంగా. మూడు వాయిదాలు ఆగి."